కోసిన పట్టీ

జగ్గయ్యపేట,
మార్చి 9.

చిన్నోడా,

ప్రభువు నామంలో వందనాలు. నేను బెన్ని వాళ్ళమ్మ ఆరోగ్యమ్మని. ఐదో తరగతి రాత, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోన్ చేద్దామంటే నువ్వు ఎత్తవు. ఎత్తిన రెండుసార్లూ ఏడ్చి పెట్టేశావు. కాగితమైతే మధ్యలో పెట్టెయ్యలేవు గదా, అందుకని రాస్తున్నా.

బెన్ని పోయి ఇవాళ్టికి యాభై రెండు రోజులు. నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. నువ్వు రాలా. నందిగామ నుంచి పేటకి బస్సెక్కితే గంట పట్టదు. వాణ్ణి పెద్దోడా అనీ నిన్ను చిన్నోడా అనీ మూడేళ్ళు పిలిచినదాన్ని, నాకెట్టా ఉంటుందో ఆలోచించు.

పెనుగంచిప్రోలు కాడ మునేటి ఇసకలో మీరిద్దరూ ఆ చేటలంత చెప్పులు కాళ్ళకి కట్టుకుని పరిగెత్తుతుంటే గేదెలు కాసేవాళ్ళు నిలబడి నవ్వేవాళ్ళు. "ఏందయ్యా ఆ నడక, బురదలో కొంగల్లాగా?" అని. "మంచులో పరిగెత్తే పోటీ ఉంది మామా, దానికి" అని మావాడంటే, "మనకాడ మంచేడుందిరా, ఐసు బండి ఎనకాల పరిగెత్తండి" అని ఎగతాళి. మీ కాలేజీ ఆటల సారు సతీష్‌బాబు మాత్రం, ఇసకలో పరిగెత్తినోడికి మంచొక లెక్కా అన్నాడు. ఆ మాటకే ఇద్దరూ ఎగిరారు. మీ బాబాయి నీళ్ళ పైపు కాల్చి గుండ్రంగా వంచితే, మంచాలల్లుకునే ఈ చేతుల్తోనే దాని మీద నవారు అల్లి, కాలికి పట్టీలు కట్టి ఇచ్చా.

ఇక అడగాల్సింది అడుగుతా. వాడికి స్నానం చేయించింది నేనే. కింది పెదవి చీలి ఉంది. నెత్తురు నల్లగా గడ్డ కట్టి ఉంది. ప్రాక్టీసులో జారిపడి చలికి పోయాడని మీరు చెప్పారు. జారిపడితే మోకాలు చీరుకోవాల, మోచెయ్యి చీరుకోవాల. మొహాన ఇంకెక్కడా గీత లేదు. పెదవొక్కటే ఎందుకు చీలింది?

ఇంకోటి. హిమాచల్ నుంచి వాడి సంచీ వచ్చింది. కోటుంది, దుప్పటుంది, సబ్బుపెట్టె ఉంది, నేను పెట్టిన కొత్త నిబంధన గూడా ఉంది. చెప్పులు లేవు. అవెక్కడున్నాయి?

ఇట్లు,
ఆరోగ్యమ్మ

*

నందిగామ,
మార్చి 17.

పిన్నికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కూడిక రోజున నాకు జ్వరం, అందుకే రాలేకపోయాను. క్షమించండి.

పెదవి రాయికి తగిలి ఉంటుంది. మంచు కింద రాళ్ళు కనపడవు. చెప్పులు ఆ మంచులోనే పోయాయి, ఎంత వెతికినా దొరకలేదు.

బాబాయికి దగ్గు తగ్గిందా? ఎండలు ముదురుతున్నాయి, మధ్యాహ్నం పూట బయట కూర్చుని మంచాలు అల్లకండి. కొట్లో విత్తనాల సరుకు దిగుతోంది. నాన్నకి సాయంగా ఉంటున్నాను.

మీ
జయంత్

*

జగ్గయ్యపేట,
ఏప్రిల్ 6.

జయంత్‌కి,

నీ ఉత్తరం చాలాసార్లు చదివా. చిన్నది గదా, తొందరగా అయిపోద్ది.

నిన్న సతీష్‌బాబు సారు మా ఇంటికొచ్చాడు. మజ్జిగ ఇచ్చి, "చెప్పులు మంచులో పోయినయ్యంట గదా సారూ" అని ఊరికే అన్నా. ఆయన తాగబోయి గ్లాసు దించాడు.

"పోవడమేంటమ్మా? రెండోది సంగతి తెలీదు గానీ ఒకటి జయంత్ తన సంచీలో పెట్టుకోవడం నేను చూశా. మీకివ్వలేదా?"

"ఇవ్వలేదండి."

"మర్చిపోయాడేమో" అన్నాడు. నా మొహంలోకి చూడలా. గబగబా తాగేసి లేచాడు.

నువ్వు మర్చిపోయావా చిన్నోడా? మర్చిపోయినోడు మర్చిపోయానని రాస్తాడు. నువ్వు వెతికానని రాశావు.

ఇదంతా పక్కింటి రత్నమణి వింటానే ఉంది. అది ఊరుకునే రకం గాదు. "వదినా, ఇద్దరు పోతే ఒక్కడే ఎందుకొచ్చాడంట? ఇద్దర్లో ముందొచ్చినోడికే రాష్ట్రం తరఫున పెద్ద పోటీకి సీటు అన్నారుగా? మన బెన్నిగాడు ఇసకలో ప్రతిసారీ వాణ్ణి దాటేసేవోడుగా?" అంది. "నోరు ముయ్యవే" అన్నా. అన్నా గానీ ఆ మాట లోపలికి దిగింది. బియ్యం కడుగుతున్నా అదే, ప్రార్థనలో మోకాళ్ళేసినా అదే.

పోటీకి ముందు రోజు కొండ మీదికి మీ ఇద్దరే పోయారు. సారు గదిలోనే ఉన్నాడు. అక్కడ ఏం జరిగిందో చెప్పగలిగినోడివి నువ్వొక్కడివే. ఒక్కడు చెప్పేదాన్లో ఒక్క అబద్ధం దొరికిందంటే మిగతాది నేనెట్టా నమ్మను?

ఆ సీటు ఎవరికొచ్చింది?

ఆరోగ్యమ్మ

*

నందిగామ,
ఏప్రిల్ 15.

ఆరోగ్యమ్మ గారికి,

మీరు నన్ను ఈ మాట అడుగుతారని అనుకోలేదు. రత్నమణి గారు ఏమైనా అనుకోనివ్వండి. మీరు కూడా అలా అనుకోవద్దు.

మిగిలింది నేనొక్కణ్ణే అని సీటు నాకు ఇస్తామన్నారు. వద్దని రాసిచ్చాను. వాడు పోయిన మర్నాడు పోటీలో కూడా పాల్గొనలేదు. పరుగే మానేశాను. సతీష్‌బాబు సారుని అడగండి.

చెప్పులు పోయాయని రాసింది అబద్ధం. ఒకటి నా దగ్గర ఉంది. అది మీకు ఇవ్వలేను. ఎందుకని అడగొద్దు. ఇంకేం అడిగినా కాదనను, అదొక్కటి వదిలెయ్యండి.

జయంత్

*

జగ్గయ్యపేట,
మే 11.

జయంత్ గారికి,

గారు అని ఎందుకు రాశానంటే, నువ్వు నాకు గారు పెట్టావు, నేనూ నీకు పెడుతున్నా.

మొన్న గురువారం మీ కొట్టుకొచ్చా. నువ్వు లేవు, విజయవాడ పోయావన్నారు. గల్లాపెట్టె కాడ మీ అమ్మగారు ఉంది.

"ఏం విత్తనాలమ్మా? పత్తా, మిరపా?" అనింది.

"విత్తనాలకి రాలేదండి. పేట నుంచి వచ్చా. బెన్ని వాళ్ళమ్మని."

ఆమె చేతిలో పుస్తకం కింద పెట్టేసింది. నా చెయ్యి పట్టుకుంది. "ఎండలో వచ్చావు, లోపల ఫ్యానుంది, కూర్చో. మంచినీళ్ళు తెస్తా" అని బస్తాలు పేర్చిన గదిలో కూర్చోబెట్టి ఇంట్లోకి పోయింది. ఆమె మంచిది. ఆమె మీద నాకే అనుమానం లేదు.

కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉంటే బాగుండేది. పై అరలో నీ నీలం సంచీ కనపడింది, మీరిద్దరూ ఒకటే రకం కొనుక్కున్నది. స్టూలెక్కి దించా. లోపల పాత తువ్వాలులో చుట్టి ఉంది. తీసి నా చేతిసంచీలో పెట్టుకున్నా. ఆమె తెచ్చిన నీళ్ళు తాగా. వస్తానండీ అని వచ్చేశా. దొంగతనమే. ఆ పాపం నాది, దేవుడికి నేను చెప్పుకుంటా.

ఇప్పుడు నీ సంగతి చెప్పు.

ముప్పయ్యేళ్ళుగా నవారుతో బతుకుతున్నా. తెగింది ఏదో కోసింది ఏదో కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలను. తెగితే పోగులు పొడుగూ పొట్టీగా లేస్తాయి, పీచు పీచుగా ఉంటుంది. వాడి చీలమండకి కట్టుకునే పట్టీ అట్టా లేదు. ఒకే గీతన పోయింది. అది కత్తి. అది తెగలేదు జయంత్, దాన్ని ఎవరో కోశారు.

కొండ మీద ఇద్దరే ఉన్నప్పుడు ఎవరో అంటే ఎవరు? పరిగెత్తేముందు పట్టీ సగం కోసి పెడితే వాలులో కాలు జారుద్ది గదా? రాత్రింబగళ్ళు ఇదే నా కళ్ళ ముందు ఆడుతుంది. మీ బాబాయి అంటాడు, "వద్దే ఆరోగ్యం, ఆ పిల్లోడు వాణ్ణి మోసుకుని దిగాడంట గదే" అని. మోసినోడు గూడా కోసి ఉండొచ్చు.

మీది నందిగామలో పేరున్న కొట్టు. మాది మంచాలల్లుకునే ఇల్లు. స్టేషన్‌లో నా మాట ఎవరు వింటారో తెలీదు. ఐనా వచ్చే సోమవారం పోతా. చెప్పు పట్టుకునే పోతా. ఈలోపు చెప్పదలుచుకుంటే చెప్పు.

ఆరోగ్యమ్మ

*

నందిగామ,
మే 15.

పిన్నీ,

పట్టీ కోసింది నేనే.

స్టేషన్‌కి వెళ్ళండి. ఏ టైముకి వెళ్తారో సతీష్‌బాబు సారుకి చెప్పండి, నేనూ వచ్చి ఈ మాటే చెప్తాను. ఎందుకు కోశానని అక్కడ అడిగినా చెప్పను. అమ్మకి మాత్రం నేను రేపు చెప్తాను, ఆవిడకి ఎవరో చెప్పి తెలియకూడదు.

ఒక్కటే మనవి. ఆ చెప్పుని స్టేషన్‌లో ఇచ్చెయ్యండి. ఇంట్లో పెట్టుకోకండి. దాన్ని ముందు పెట్టుకుని చూస్తూ కూర్చోకండి.

జయంత్

*

జగ్గయ్యపేట,
మే 30.

జయంత్,

సోమవారం స్టేషన్‌కి పోలా. ఆటోలో గూడా కూర్చున్నా. చెప్పు ఒళ్ళో ఉంది. నీ ఉత్తరంలో చివరి మాట గుర్తొచ్చి దిగిపోయా. తప్పు చేసినోడు దాన్ని నాకు తెలీకుండా మాయం చేయాలని చూస్తాడు, పోలీసులకి ఇవ్వమనడు. నువ్వు పోలీసులకి భయపడట్లేదు. నేను చూస్తానని భయపడుతున్నావు. నేను చూడకూడనిది దాన్లో ఏముందా అని ఇంటికొచ్చి వాకిట్లో ఎండలో పెట్టుకుని చూశా.

ముందు కోపంలో కోత ఒక్కటే చూశా. ఈసారి ముడి చూశా. కోసిన పట్టీకి ముడి ఇంకా అట్టాగే ఉంది. ఎవరూ ఇప్పలా. పరిగెత్తేముందు కోసిందైతే పరుగులోనే తెగి పీచు లేవాలి. ఇది ముడి బిగిసి ఉండగా, దాని పక్కన ఒక్క వేటున కోసింది. ముడి మీద నవారు నలిగి ఉంది. పళ్ళ గుర్తులు.

అప్పుడొక పని చేశా. నవ్వుకో ఏం పర్లేదు. ముడిని బాగా నీళ్ళలో నానబెట్టి రత్నమణి ఫ్రిజ్జులో పై అరలో పెట్టా.

"ఇదేంది వదినా! చెప్పుని తెచ్చి ఐసులో పెడతన్నావ్? అందులో మా కొరమీను ముక్కలున్నయ్!"

"ఉండనీవే. ఒక్క పూట."

"బెన్నిగాడిది గదూ" అనింది.  చేపముక్కలు తీసేసి అదే జాగా చేసింది.

సాయంత్రం తీశా. మామూలుగా ఆ ముడి నేను మేకు దూర్చి రెండు క్షణాల్లో ఇప్పుతా. మేకు దిగలా. రాయి. గోళ్ళు విరిగాయి. పళ్ళతో పట్టుకుని లాగా. నా పెదవి ఐసుకి అంటుకుపోయింది చిన్నోడా. బెదిరిపోయి తల వెనక్కి లాగితే తోలు లేచొచ్చింది. నెత్తురు నాలిక్కి తగిలింది.

రత్నమణి కేకలేస్తుంది. నేను అక్కడే కింద కూర్చుండిపోయా. మార్చిలో నిన్ను అడిగినదానికి జవాబు నా నోట్లోనే దొరికింది.

ఆ ముడి నాది. లాగేకొద్దీ బిగిసే ముడి, మంచం పట్టెకి వేస్తాం. ఇసకలో ఊడిపోకుండా ఉంటదని వాడికి నేర్పింది నేనే. వాడు నైలాన్ పట్టీ పెట్టమ్మా అన్నాడు. అది కాలు కోసుద్దిరా, నూలైతే మెత్తగా ఉంటదని నేనే నూలు కట్టా. నూలు నీళ్ళు తాగుద్దని నాకు తెలీదా? మునేటి ఇసకే చూశాను, మంచు కరిగితే నీళ్ళేనని తోచలా.

నువ్వు దాచింది ఇదేనా?

కానీ ఇంకా ఒకటుంది. నాకు అన్నీ తెలియాలి, సగం వద్దు. ముడి ఊడి రాక వాడు అక్కడ కూర్చున్నంతసేపూ నువ్వెక్కడున్నావు? పక్కనే ఉంటే అప్పుడే కోసేవాడివి గదా?

ఆరోగ్యమ్మ

*

నందిగామ,
జూన్ 8.

పిన్నీ,

మీరు ఇంతదాకా వస్తారని తెలిసి ఉంటే ఆ చెప్పుని వచ్చే దారిలోనే పారేసేవాణ్ణి. పారెయ్యడానికి చేతులు రాలేదు. అది మీరు అల్లింది, వాడు తొడుక్కున్నది.

అడిగారు కాబట్టి మొత్తం రాస్తున్నాను.

అక్కడ బాడుగకి ప్లాస్టిక్ స్నోషూలు ఇస్తారు, కింద ఇనప పళ్ళుంటాయి. నేను అవే తీసుకున్నాను. బెన్నిని కూడా తీసుకోమన్నాను. "మా అమ్మ అల్లినవి ఉండగా ఎవడో తొడిగి ఇప్పినవి నాకెందుకురా?" అన్నాడు. ప్రాక్టీసు వరకు వీటితో, పోటీ రోజున బాడుగవి అని చివరికి ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం పన్నెండింటికి బయల్దేరాం. దేవదారు చెట్ల మధ్య బాట. మోకాలి లోతు మంచు, దాని మీద మనం తేలినట్టు పోతాం. మొదటి అరగంట వాడే ముందున్నాడు. వెనక్కి తిరిగి, "చిన్నోడా, ఇది మునేరు కంటే మెత్తగా ఉందిరా" అని అరిచాడు. తర్వాత నెమ్మదించాడు. మంచు ఆ నవారుకి పట్టి గడ్డలు కడుతోందని, కాళ్ళు బరువెక్కాయని అన్నాడు. నేను దాటేశాను. వాణ్ణి దాటడం నాకు అదే మొదటిసారి. సంతోషం వేసింది. ఆ సంగతి కూడా రాయాలి కదా.

మలుపు తిరిగాక వెనక నుంచి అరిచాడు. "ఒరేయ్, కాలు ఇరుక్కుందిరా, ఆగరా!"

మునేట్లో వాడు ఎప్పుడూ ఇదే చేసేవాడు పిన్నీ. కాలు మెలిపడిందనీ, ముల్లు గుచ్చుకుందనీ అరిచేవాడు. నేను ఆగితే నవ్వుకుంటూ దాటిపోయేవాడు. ఎన్నిసార్లు మోసపోయానో. అందుకని నేను నవ్వాను. "ఇవాళ ఆగనురా!" అని అరిచి పరిగెత్తాను. ఇంకో రెండుసార్లు పిలిచాడు. విన్నాను. ఆగలేదు.

బాట చివర టీ కొట్టు దగ్గర కాసేపు చూశాను. మంచు పడటం మొదలైంది. ఓడిపోయాడని అలిగి వచ్చిన దారినే గదికి పోయి ఉంటాడు అనుకున్నాను. ఇంకో దారిలో నేనూ గదికి వెళ్ళాను. సారు నిద్రపోతున్నారు. నేనూ దుప్పటి కప్పుకున్నాను. నాలుగింటికి సారు లేచి, "బెన్ని ఏడిరా?" అన్నారు.

సారు జీపు కోసం పరిగెత్తారు, టీ కొట్టావిడ కత్తి తీసుకుని నాతో వచ్చింది. వాడి ఎడమ చెప్పు రెండు వేర్ల మధ్య ఇరుక్కుపోయి, కాలు మెలిపడి ఉంది. ముడి రాయిలా ఉంది. చేతికి తొడుగులు లేవు, ముడి కోసం తీసేసినట్టున్నాడు. నోటి దగ్గర నెత్తురు. నేను కత్తి తీసుకుని పట్టీ కోశాను. అప్పటికి ఊపిరుంది. మోసుకుని దిగాం. జీపులో పోయాడు. ఏమీ మాట్లాడలేదు, ఏదో అన్నాడని మీకు కల్పించి చెప్పలేను.

నేను దాచింది మీ ముడి ఒక్కటే అనుకోకండి. మీరు దాన్ని చూస్తే వాడు ఎంతసేపు కూర్చున్నాడో తెలుస్తుంది, అప్పుడు నేనెక్కడున్నానని అడుగుతారు. మీ కోసం దాచానని నాకు నేను చెప్పుకున్నాను. నా కోసం కూడా దాచాను. ఏది ఎంతో నాకు తెలియదు.

జయంత్

*

జగ్గయ్యపేట,
జూన్ 29.

చిన్నోడా,

ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు కావొస్తుంది. జవాబు ఆలస్యమైంది. మొదట్లో రాసి ఉంటే చెడ్డ మాటలు రాసేదాన్ని. నిన్ను తిట్టా. గట్టిగానే తిట్టా, వాకిట్లో నిలబడి. మూడుసార్లు పిలిస్తే ఒక్కసారి తిరిగి చూడలేకపోయావా అని. తర్వాత నన్ను నేను తిట్టుకున్నా.  పది రోజులు మంచం అల్లలేదు.

వాడి దొంగ అరుపులు నేనూ ఎరుగుదును. "అమ్మా, తేలు కుట్టిందే" అని అరిచేవాడు. నేను పొయ్యి వదిలి పరిగెత్తుకెళ్తే అటునుంచి వచ్చి పెనంలో ముక్క ఎత్తుకుపోయేవాడు. నేను ఆ కొండ మీద ఉంటే ఆరోజు నేనూ నవ్వేదాన్నేమో. లేదు, తల్లిని గదా, తిరిగి చూసేదాన్ని. చూసేదాన్నని నాకనిపిస్తుంది. నీకు ఓదార్పుగా ఉంటుందని అబద్ధం రాయలేను. మనిద్దరం ఇప్పటికే చాలా అబద్ధాల్లో తిరిగాం.

నీ మీద అనుమానం ఉన్నన్నాళ్ళూ పొద్దున లేవడానికి నాకొక పని ఉండేది. ఏదో కనిపెట్టాలి, ఎవరినో పట్టుకోవాలి. ఇప్పుడు పట్టుకోవడానికి ఎవరూ లేరు. నేనే ఉన్నా. నువ్వున్నావు. మీ బాబాయికి అంతా చదివి వినిపించా. ఆయన చాలాసేపు దగ్గాడు. "పైపు వంచింది నేను. వేర్లలో ఇరుక్కుంది ఆ పైపే. నన్ను గూడా కలుపుకోండి" అన్నాడు. అట్టా అని ఊరుకోలా, నీకు రాయమని నా పక్కన కూర్చున్నాడు.

నిన్నటి నుంచి ఒక మంచం మొదలుపెట్టా. మొదటి పట్టె ముడి కాడ చాలాసేపు ఆగా. వేశా.

రత్నమణికి ఒక్కటే చెప్పా, ఆ పిల్లోడి తప్పేం లేదని. తప్పుందా లేదా అన్నది నీకూ నాకూ మధ్య ఉండనీ, వీధికి వద్దు. మీ అమ్మగారికి నేనే ఒక కాగితం రాస్తా. ఆవిడ ఇచ్చిన నీళ్ళు తాగి దొంగతనం చేసినదాన్ని, ఆ మాట ఆవిడతో చెప్పుకోవాలి.

నిన్ను చూడాలనుంది. కానీ ఇప్పుడే రాకు. నిన్ను చూస్తే నా కళ్ళు నీ వెనకాల వాడి కోసం వెతుకుతాయి, అది నీకు కష్టం. కొన్నాళ్ళు పోనీ. నేనే పిలుస్తా. పిలిచినప్పుడు రావాలి.

నువ్వు మళ్ళీ పరిగెత్తమని నేను చెప్పను, వద్దనీ చెప్పను. అది నీ ఇష్టం.

సతీష్‌బాబు సారు చెప్పాడు, కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోతున్నావంట, మనిషి సగమయ్యావంట. అట్టా చేయొద్దు నాన్నా. పూట తప్పకుండా అన్నం తిను. కడుపు నిండా తిను.

మీ పిన్ని,
ఆరోగ్యమ్మ